కుడికాలికి సెలవు

"మన రోడ్ల మీద క్రూజ్ కంట్రోల్ ఏం చేసుకుంటారండీ?" అన్నాడు రామకోటేశ్వరరావు, ఇంజన్లోంచి తల ఎత్తకుండానే. "గేదె అడ్డమొస్తే అది ఆగదు. మీరే ఆగాలి."

ఆటోనగర్‌లో ఆ ఎలక్ట్రీషియన్ షెడ్డు శౌరయ్యకి కొత్త కాదు. క్రిందటిసారి ఇదే పని మీద వచ్చి, చెప్పడానికి నోరు రాక, హారన్ మార్పించుకుని వెళ్లిపోయాడు. ఈసారి స్పేర్ పార్టుల కొట్టువాడి చేత తెప్పించిన అట్టపెట్టెని తీసుకొచ్చి నేరుగా బల్ల మీద పెట్టేశాడు. ఇక వెనక్కి పోవడానికి లేదు.

"ఇది పాత బండండీ. కొత్త కార్లలో అంతా కంప్యూటరే చూసుకుంటుంది. దీనికి యాక్సిలేటర్ కేబులే దిక్కు. ఈ మోటారు ఆ కేబుల్ని పట్టుకుని లాగుతూ ఉండాలి, అర్థమైందా? మీ కాలు చేసే పని ఇది చేస్తుంది."

"అదే కావాలి," అన్నాడు శౌరయ్య.

"కాలు నొప్పా?"

"ఆఁ."

"ఇంకో డ్రైవర్ని పెట్టుకోవచ్చు కదండీ? వేళాంగణి అంటే మాటలా? ఇదివరకు మీ బావమరిది వచ్చేవాడుగా?"

"ఇప్పుడు రావట్లేదు."

రామకోటేశ్వరరావు ఒక క్షణం చూసి, ఇంకేం అడక్కుండా అట్టపెట్టె విప్పాడు.

పదమూడు సీట్ల ఆ టెంపో ట్రావెలర్ అద్దం మీద ఆరోగ్యమాత ట్రావెల్స్ అని నీలం అక్షరాలు ఉండేవి. ఎండకి అవి ఇప్పుడు ఊదారంగుకి తిరిగాయి. గుణదల చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలకి చెన్నై అవతల ఉన్న వేళాంగణి మాత గుడికి వెళ్లాలంటే ఒకప్పుడు శౌరయ్య బండే గుర్తొచ్చేది. డ్రైవర్లు ఇద్దరు, శౌరయ్య, అంతోని. అంతోని శౌరయ్య భార్య అమలమ్మకి తమ్ముడు. బండి తుడవడానికి వచ్చి, స్టీరింగ్ పట్టుకోవడం నేర్చి, లైసెన్సు తీసుకుని, బావ పక్క సీట్లో స్థిరపడిపోయాడు. నెల్లూరు దాకా ఒకరు, అక్కణ్ణుంచి ఇంకొకరు. ఎవరు ఎప్పుడు దిగాలో, ఎవరు ఎక్కాలో అనుకోవలసిన అవసరం కూడా ఉండేది కాదు. బండి ఆగేది, తలుపులు తెరుచుకునేవి, ఇద్దరూ ముందు నుంచి చుట్టూ తిరిగి సీట్లు మారేవాళ్లు.

యాత్రలకి అమలమ్మ కూడా వచ్చేది. వెనక సీటు కింద గ్యాస్ పొయ్యి, గిన్నెలు, ఉప్మారవ్వ. ఎక్కడ నీడ కనబడితే అక్కడ దిగి అందరికీ వండిపెట్టేది. వంట లేనప్పుడు డ్రైవర్ సీటు వెనకే కూర్చుని మాట్లాడుతూ ఉండేది. రోడ్డు పక్క చేల గురించి, బండిలో ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో ఆ సంగతి, నిన్నటి ప్రసంగంలో ఫాదర్ గారు మర్చిపోయిన మాట. శౌరయ్య 'ఊఁ' అనేవాడు. అంతోని నవ్వేవాడు. ఆ 'ఊఁ' తోనూ ఆ నవ్వుతోనూ ఆమెకి సరిపోయేది.

కిడ్నీలు పాడై అమలమ్మ పోయింది. పిల్లలు లేరు. బావా బావమరుదులు బండి ఆపలేదు. ఏడాది పైగా అలాగే తిరిగారు. తర్వాత ఒకరోజు అంతోని బండి తాళాలు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. "చల్లపల్లిలో స్కూలు బస్సు ఉద్యోగం ఉందంట బావా. కృప వాళ్ల పుట్టింటి దగ్గరే. రోజూ ఇంటిపట్టున ఉన్నట్టుంటది," అన్నాడు. శౌరయ్య "సరే" అన్నాడు. అంతోని గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్లిపోయాడు.

ఆ పోవడం శౌరయ్యకి అర్థం కాలేదు. అక్క లేదు కాబట్టి బావతో ఇక చుట్టరికం తీరిపోయిందనుకున్నాడేమో అనిపించింది. అలా అనిపించిన రోజు అన్నం సయించలేదు. పిలిచి అడగాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఆ తర్వాత ట్రిప్పుకింతని డబ్బు తీసుకుని వచ్చే యాక్టింగ్ డ్రైవర్లని పెట్టి చూశాడు. ఒకడు స్టీరింగ్ ముందు ఫోను నిలబెట్టుకుని సినిమా చూస్తూ నడిపేవాడు. ఇంకొకడు బ్రేకు వేస్తే వెనక జపమాలలు కింద పడేవి. వాళ్లని మాన్పించి, దారిలో రాత్రి బస పెట్టుకుని, ఒక్కడే నడపడం మొదలుపెట్టాడు. అప్పుడు కుడికాలు తిరగబడింది. మోకాలి కింద మొదలై మడమ దాకా మంట పాకేది. కావలి దగ్గర ఒకసారి బండి పక్కకి తీసి, యాత్రికులు కిటికీల్లోంచి చూస్తుండగా దాని చుట్టూ కుంటుకుంటూ తిరిగాడు. వాళ్లలో ఒకాయనే చెప్పాడు, తన కారులో హైవే ఎక్కాక కాలితో పని ఉండదని.

బిగించడం ఒక్కరోజులో అవలేదు. బ్రేకు తొక్కగానే మోటారు వదిలేయాలి కాబట్టి బ్రేకు లైటు నుంచి ఒక వైరు, క్లచ్ దగ్గర ఒక స్విచ్చి. బండి ఎంత వేగంగా పోతోందో మోటారుకి తెలియాలి కాబట్టి కింద తిరిగే షాఫ్టుకి చిన్న అయస్కాంతం. రామకోటేశ్వరరావు బండి కింద వెల్లకిలా పడుకుని అదేదో పాట కూనిరాగం తీస్తుంటే, శౌరయ్య స్టూలు మీద కూర్చునేవాడు. పక్క షెడ్డులో డెంటింగు సుత్తి దెబ్బలు, ఎదురుగా లారీకి రంగు కొట్టే మిషను, టీ తెచ్చేవాడి కేక. ఇంటి దగ్గర మధ్యాహ్నాలు గడియారం తప్ప ఇంకేమీ వినబడదు. ఇక్కడ సుత్తి ఆగినా శౌరయ్య లేవాలనుకోలేదు. పని అయిపోవచ్చిందని రామకోటేశ్వరరావు అన్నప్పుడు ఇంకో చోట వైరు బిగించాలేమో చూడమన్నాడు.

చూసుకోవడానికి ఇద్దరూ హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లారు. గన్నవరం దాటి రోడ్డు ఖాళీ అయ్యాక శౌరయ్య డెబ్భైకి తెచ్చి, స్టీరింగ్ పక్కన బిగించిన బొత్తాం నొక్కాడు.

"కాలు తియ్యండి," అన్నాడు రామకోటేశ్వరరావు.

తీయడానికి భయం వేసింది. కొంచెం కొంచెంగా తీశాడు. స్పీడు ముల్లు పడిపోలేదు. పెడలు మాత్రం ఎవరో కనబడని మనిషి పాదం ఆనించినట్టు తనంతట తానే కిందికి దిగి ఉంది. చిన్న మిట్ట వస్తే మోటారు సన్నగా మూలిగి కేబుల్ని ఇంకాస్త లాగింది.

"చూశారా? గుర్రంలా పోతంది! కాకపోతే ఒకటండీ, కాలికి పని లేకపోతే కళ్లు మూతపడతాయి. జాగ్రత్త," అని రామకోటేశ్వరరావు మాటల్లో పడ్డాడు. తన షుగరు సంగతి, చెల్లెలి ఇంట్లో గొడవ, అమ్మేసి ఇప్పుడు బాధపడుతున్న పాత స్కూటరు సంగతి. శౌరయ్యకి వినడం హాయిగా ఉంది. చాలా రోజులకి ఎడమ సీట్లోంచి ఒక మనిషి గొంతు. తను 'ఊఁ' అంటున్నాననే అనుకున్నాడు. అన్నాడో లేదో. తిరుగుదారిలో కేసరపల్లి వచ్చేసరికి రామకోటేశ్వరరావు మాటలు ఆపి ఫోను తీసుకుని చూసుకుంటున్నాడు.

మర్నాడు శౌరయ్య చల్లపల్లి బయల్దేరాడు. ఎందుకని తనని తాను అడగలేదు. బండికి కొత్త పనిముట్టు పెడితే అంతోనికి చూపించకుండా ఎప్పుడూ ఉండలేదు, అంతే.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. దారి పొడుగునా ఒక్క చోట కూడా బొత్తాం నిలబడలేదు. నొక్కడం, ఎదురుగా ట్రాక్టరు. నొక్కడం, స్పీడు బ్రేకరు. నొక్కడం, మేకల మందని తోలుకుపోతున్న ముసలమ్మ. కూచిపూడి దగ్గర విసుగొచ్చి, కాలే నయమని కాలితోనే నడిపాడు.

అంతోని ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్న ట్రిప్పు అయిపోయి, సాయంత్రం ట్రిప్పుకి ఇంకా వేళ ఉంది. లుంగీ మీద బయటికొచ్చి, బండిని చూసి, తర్వాత బావని చూశాడు.

"ఏంటి బావా, ఫోనన్నా చెయ్యకుండా? ఏమైంది?"

"ఏం లేదు. ఊరికే."

అంతోని భార్య కృప లోపల్నుంచి వచ్చింది. "రండన్నయ్యగారూ. ఎంత చిక్కిపోయారో! వండుకుంటన్నారా అసలు?" అంటూనే బియ్యం కడగడానికి వెళ్లింది. శౌరయ్య వద్దన్నాడు. ఆమె వినలేదు. రొయ్యలూ వంకాయా కూర వండింది. ముగ్గురూ తిన్నారు. ఎక్కువగా కృపే మాట్లాడింది.

చేతులు కడుక్కున్నాక శౌరయ్య, "ఒరేయ్ అంతోనీ, బండికి ఒకటి పెట్టించాను. చూద్దువు గాని రా," అన్నాడు.

అంతోని డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. సీటు వెనక్కి జరుపుకోవలసి వచ్చింది. ఇదివరకు ఇద్దరి మధ్యా ఎవరూ దాన్ని కదిపేవారు కాదు. బొత్తాలన్నీ అడిగి తెలుసుకుని, మోపిదేవి వైపు హైవే ఎక్కాడు. మధ్యాహ్నపు ఎండలో రోడ్డు మీద ఎవరూ లేరు. అటూ ఇటూ వరి, దూరంగా అరటి తోటలు. నొక్కమన్న చోట నొక్కి, కాలు తీసి, రెండు పాదాలూ వెనక్కి ముడుచుకుని గట్టిగా నవ్వాడు.

"అబ్బ! భలే ఉంది బావా! దెయ్యం తొక్కినట్టుంది!"

ఆ నవ్వు విని శౌరయ్యకి గుండెల మీద బరువేదో తీసినట్టయింది. ఇక ఇంతే, మళ్లీ వచ్చేస్తాడు అనుకున్నాడు. కాలు నొప్పి లేదు, కొత్త పనిముట్టు ఉంది, వేళాంగణి పండగ దగ్గర పడుతోంది.

"రాకూడదూ, ఈసారికి?" అన్నాడు.

అంతోని నవ్వు తగ్గింది. బండి అదే వేగంతో పోతోంది.

"నేనెందుకు బావా ఇప్పుడు? ఇది ఉందిగా. నీకు సరిగ్గా సరిపోయింది. దీనికి మాటలతో పనిలేదు."

"అంటే?"

అంతోని రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అక్క పోయాక నువ్వు నాతో మాట్లాడావా బావా?"

"మాట్లాడకేం?"

"ఎప్పుడు మాట్లాడావో చెప్పు. ఎదురుగా లారీ వస్తే చెయ్యి చూపించేవాడివి. టీ తాగుదామా అంటే బండి ఆపేవాడివి, నోరు విప్పేవాడివి కాదు. నాకూ అక్క పోయింది బావా. నాకు అమ్మ లాంటిది. ఆవిడ గురించి ఒక్క ముక్క ఎవరితోనన్నా అనాలని ఉండేది. ఎవరితో అనను? పక్కన నువ్వు. గోడ పక్కన కూర్చున్నట్టుండేది."

శౌరయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒకసారి వేళాంగణి నుంచి వస్తన్నాం, గుర్తుందా, యాత్రికుల్ని చెన్నైలో దింపేసి ఖాళీ బండితో. బావ మాట్లాడే దాకా నేనూ మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నా. చూద్దాం, ఎక్కడ మాట్లాడతాడో అని. గూడూరు పోయింది, ఒంగోలు పోయింది, చిలకలూరిపేట పోయింది. ఇంటికొచ్చి బండి ఆపాక నువ్వన్నావు, 'తాళం' అని. అదొక్కటే. ఆ రోజే అనుకున్నా, ఇంక నా వల్ల కాదని."

ముందర గడ్డి ఎత్తుకున్న ట్రాక్టరొకటి పొలంలోంచి రోడ్డు మీదికి ఎక్కింది. అంతోని బ్రేకు మీద కాలు వేశాడు. మోటారు కేబుల్ని వదిలేసిన చప్పుడు చిన్నగా వినిపించింది.

శౌరయ్యకి చెప్పాలని ఉంది. లోకంలో మాట్లాడక్కర్లేకుండా కూర్చోగలిగిన మనిషి అంతోని ఒక్కడేనని, ఆ ఏడాదంతా పక్కన అతను ఉన్నాడనే ధైర్యంతోనే స్టీరింగ్ పట్టుకున్నానని, ఆ మౌనంలో ఇద్దరం కలిసే ఏడుస్తున్నామని తను నమ్మానని. అవన్నీ ఒక్కసారే వచ్చి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

"నువ్వుంటే మాట్లాడక్కర్లేదనుకున్నా రా," అన్నాడు చివరికి.

అంతోని తల తిప్పి చూశాడు. ట్రాక్టరు పక్కదారికి తిరిగాక మళ్లీ బొత్తాం నొక్కలేదు. పులిగడ్డ వారధి మీదికి తీసుకెళ్లి ఒక వారగా ఆపాడు. ఇద్దరూ దిగి కృష్ణ వైపు నిలబడ్డారు. ఇసుక మేటల మధ్య నీళ్లు సన్నగా పాయలుగా పోతున్నాయి. సముద్రం గాలికి చొక్కాలు ఎగురుతున్నాయి.

"స్కూలు బస్సులో పిల్లలుంటారు బావా," అన్నాడు అంతోని. "ఏం గోలనుకున్నావ్? చెవులు పగిలిపోతాయి. ఒకడు కొట్టాడంటాడు, ఒకత్తి పెన్సిలు పోయిందంటది. సాయంత్రానికి తలనొప్పి. కానీ నాకు హాయిగా ఉంది. ఇంక బండెక్కలేను. ఏమనుకోకు."

"ఏమనుకోను," అన్నాడు శౌరయ్య.

తిరిగి వెళ్లేటప్పుడు శౌరయ్యే నడిపాడు. సీటు ముందుకి జరుపుకున్నాడు. ఇంటి దగ్గర దిగి, అంతోని కిటికీ మీద చెయ్యి వేసి, "రాత్రికి ఉండిపో బావా," అన్నాడు. శౌరయ్య తల అడ్డంగా ఊపాడు. ఊపాక, అది మాట కాదని తట్టి, "లేదురా, రేపు పొద్దున్నే ఒక బేరం ఉంది," అన్నాడు. బేరమేదీ లేదు. అంతోని యూనిఫాం వేసుకోవడానికి లోపలికి వెళ్లాడు.

ఆగస్టు చివర్లో వేళాంగణి యాత్ర పడింది. నూజివీడు నుంచి వచ్చిన కుటుంబం. శాలిని అనే టీచరు, ఆమె అత్తగారు తెరేసమ్మ, మిగతావాళ్లు చుట్టాలు. తెల్లవారుజామున గుణదలలో ప్రార్థన చేసుకుని ఎక్కారు. గుంటూరు దాటేసరికి అందరూ నిద్రపోయారు. మెలకువగా ఉన్న ఒకరిద్దరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

ఒంగోలుకి ముందు రోడ్డు సాఫీగా ఉంది. శౌరయ్య బొత్తాం నొక్కి కాలు తీశాడు. మంట రాలేదు, మడమ హాయిగా నేల మీద ఆనింది. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. కానీ ఇన్నేళ్లూ కాలు నొక్కుతూ ఉండటంలో ఒక పని ఉండేదని, ఆ పనిలో పడి ఆలోచనలు రాకుండా ఉండేవని ఇప్పుడే తెలిసింది. కాలు ఊరుకుంటే మనసు ఊరుకోలేదు. డ్రైవర్ సీటు వెనక ఎవరూ కూర్చోలేదు. యాత్రికులు ఆ సీట్లో బ్యాగులు పెట్టుకున్నారు. ఎడమ పక్క సీటు ఖాళీ. బండి దానంతట అది పోతుంటే, దాన్ని కూడా తను నడపడం లేదేమో అనిపించింది.

అంతోనితో చెప్పవలసిన మాటలు ఒకటొకటిగా గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాడు. అమలమ్మ ఆస్పత్రిలో ఆఖరి వారం తమ్ముడికి చేపల పులుసు ఇష్టమని, వండిపెట్టలేకపోతున్నానని బాధపడింది. ఆ సంగతి వాడికి చెప్పనే లేదు. ఎందుకు చెప్పలేదు? చెబితే వాడు ఏడుస్తాడని. వాడు ఏడిస్తే తనూ ఏడవాలని.

ఒంగోలు దాటాక టీ కోసం ఆపాడు. చినుకులు మొదలయ్యాయి. యాత్రికులు దిగి హోటల్లోకి పరిగెత్తారు. శౌరయ్య రేకుల కింద నిలబడి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఫోను తీశాడు. అంతోనికి తనే ఫోను చేసి ఎంత కాలమైందో గుర్తు రాలేదు.

"బావా? ఏంటి, ఏమైంది? బండి ఆగిపోయిందా?" అంతోని గొంతు కంగారుగా వచ్చింది. వెనక పిల్లల కేకలు.

"లేదు, లేదు. బండి బాగానే ఉంది. నువ్వు నడుపుతున్నావా?"

"స్కూలు గేటు దగ్గర ఆపాను. దిగుతన్నారు. ఒరేయ్, తోసుకోవద్దు! చెప్పు బావా."

చేపల పులుసు సంగతి నాలిక మీద ఉంది. అంత గోలలో, అంత పొద్దున్నే, దాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఇక్కడ వాన పడతంది," అన్నాడు శౌరయ్య.

"అవునా? ఇక్కడ లేదు. ఎండ కాస్తంది," అన్నాడు అంతోని. గొంతులో కంగారు పోయింది. "ఎక్కడున్నావ్?"

"ఒంగోలు దాటాను. టీ తాగుతన్నా."

"కాలు ఎలా ఉంది?"

"నొప్పి లేదు."

"టిఫిను చేశావా?"

"ఇంకా లేదు. ఇడ్లీ తింటా."

ఎవరో పిల్లవాడు సార్, సార్ అని పిలుస్తున్నాడు. "ఉండు బావా, వీడి చెప్పు బస్సులో పడిపోయిందంట, మళ్లీ మాట్లాడతా," అన్నాడు అంతోని. ఫోను కట్ చేయడం మాత్రం మర్చిపోయినట్టున్నాడు. శౌరయ్య దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నాడు. చెప్పు ఎక్కడో సీటు కింద దొరికింది. ఎవరో నవ్వారు, ఎవరో అంతోని సార్‌కి టాటా చెప్పారు. బస్సు స్టార్ట్ అయిన చప్పుడు వచ్చి లైను పోయింది.

టీ చల్లారిపోయింది. అయినా తాగేశాడు. హోటల్లోంచి తెరేసమ్మ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి అతని పక్కన రేకుల కిందే నిలబడింది.

"ఈ వానకి ఎంత ఆలస్యమవుద్దంటారు బాబూ?"

శౌరయ్య రోడ్డు వైపు చూశాడు. చెయ్యి ఊపి ఊరుకోబోయాడు.

"పెద్దగా అవదండీ," అన్నాడు. కాసేపాగి, "నెల్లూరు దగ్గర ఎండే ఉంటది," అన్నాడు.

ఆమె సరేనని తల ఊపి, తడిసిన కొంగు పిండుకుంటూ మళ్లీ తన వాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. శౌరయ్య గ్లాసు ఇచ్చేసి, ఇడ్లీ చెప్పి, ఒక్కడే బల్ల దగ్గర కూర్చున్నాడు.